షోకేసులో పెట్టిన మీటరు

ఎలక్ట్రీషియన్ సత్యరాజుకు రెండు మీటర్లున్నాయి. ఒకటి పనికి, ఒకటి పరువుకి.

పనికి వాడేది పసుపు రంగుది. అమీర్‌పేటలో కోర్సులకొచ్చే పిల్లల కోసం ఫుట్‌పాత్ మీద ఇయర్‌ఫోన్లతోనూ స్క్రూడ్రైవర్లతోనూ కలిపి కుప్పపోసి అమ్మే జాతి. దానికొక గుణం ఉంది. లోపల బ్యాటరీ నీరసించేకొద్దీ బయటి కరెంటును ఎక్కువ చేసి చూపిస్తుంది. తన బలం తగ్గేకొద్దీ లోకాన్ని పెద్దది చేసి చెప్పడం రిటైరైన పెద్దమనుషుల్లోనూ ఉన్నదే కనక సత్యరాజు దాన్ని తప్పుపట్టలేదు. మీటరు మూడువందల వోల్టులు అందంటే బ్యాటరీ మార్చాలని అర్థం చేసుకునేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం సర్దుబాటు సహజం.

పరువుకున్నది కూతురు ఫేబీ తన మొదటి జీతంతో కొనిచ్చింది. ఫ్యాక్టరీల్లో వాడే రకం. చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. అది ఇంటికొచ్చిన ఆదివారం పాస్టరుగారు భోజనానికి వచ్చి, దానిమీద చెయ్యి ఉంచి, "ఈ యంత్రమును వాడెడి హస్తములను కాపాడుము ప్రభువా" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ చెవుల్లో ఉండగానే సత్యరాజు భార్య మగ్దలీనమ్మ మీటరును పెట్టెతో సహా షోకేసులో పెట్టి అద్దం జరిపేసింది.

ఆ ఇంటి రాజ్యాంగం అలాంటిది. మంచి వస్తువన్నది వాడటానికి కాదు. పెళ్ళికి వచ్చిన టీ సెట్టు ఇప్పటికీ అట్టపెట్టెలో గడ్డిలోనే పడుకుని ఉంది. సోఫాకి ప్లాస్టిక్ కవరు, కవరు చిరగకుండా దుప్పటి, దుప్పటి మాయకుండా తువ్వాలు. ఆ సోఫా మెత్తగా ఉంటుందో గట్టిగా ఉంటుందో ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియదు.

"పనికి తీస్కపోతే దుమ్ము పడ్తది, గీతలు పడ్తయి," అంది మగ్దలీనమ్మ.

"కొన్నదే పనికి గద మమ్మీ!"

"పట్టుచీర సుత కట్టుకోనీకే కొంటం. రోజూ కట్టుకుని బస్సు ఎక్కుతమా?"

ఈ తర్కం ముందు ఫేబీ చదువు నిలవలేదు. సత్యరాజు భార్య పక్షమే వహించాడు. చుట్టాలొచ్చినప్పుడు ఆ పెట్టెను అద్దం లోంచి చూపించడం అతనికి ఇష్టంగానే ఉండేది.

మగ్దలీనమ్మ తమ్ముడు విన్సెంట్ పనిలో అతనికి జోడీ. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు బావను వాయిస్తాడు. "బావా, నువ్వు సుత షోకేస్ల కూసో. ఇద్దరికీ దుమ్ము పడది," అనేవాడు. "నువ్వు రా, పక్కన బొమ్మ కావాలె," అనేవాడు సత్యరాజు. ఇలా నడిచేది.

వేసవి మొదట్లో పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటు మెయిన్ ప్యానెల్ పని వచ్చింది. సత్యరాజు మెయిన్ స్విచ్చి దించాడు. మూడు ఫేజుల్లో ఒకటి లోపల అతుక్కుపోయి దిగలేదు, దానిలో కరెంటు పోలేదు. అది కంటికి కనబడేది కాదు. కనబడనిదాన్ని చెప్పడానికే మీటరు. పసుపు మీటరుకు వైరు లోపలెక్కడో తెగి ఉంది. అందుచేత అది తనకు తెలిసిన ఒకే ఒక్క ముక్క చెప్పింది.

"సున్నా," అన్నాడు సత్యరాజు.

బావ మాట నమ్మి విన్సెంట్ చెయ్యి పెట్టాడు.

ప్రాణం దక్కింది. చెయ్యీ దక్కింది. కుడిచేతి మూడు వేళ్ళకు స్పర్శ మాత్రం రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు, ఆ మాట చెప్పడానికి ఎక్స్‌రేలు చాలా తీశాక. ఇప్పుడు వేడి టీ గ్లాసు పట్టుకుంటే విన్సెంట్‌కు వేడి తెలియదు. కీబోర్డు మీద ఏ మెట్టు నొక్కుతున్నాడో తెలియదు. చర్చిలో ఇంకెవరో వాయిస్తున్నారు. విన్సెంట్ వెనక బెంచీలో కూర్చుని పాడుతున్నాడు.

ఇంట్లో ఏడుపుల్లేవు, తిట్లూ లేవు. ఎవరూ షోకేసు వైపు చూడటం మాత్రం మానేశారు. టీవీ కూడా అందులోనే ఉన్నందువల్ల వార్తలు వింటున్నారు తప్ప చూడటం లేదు. సత్యరాజు వేళకు తింటున్నాడు. అది పప్పో పులుసో ప్లేటు కడిగేటప్పుడు కనుక్కుంటున్నాడు. బాధపడాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు గాని, బాధ కూడా పక్కవాళ్ళింట్లో మోగుతున్న ఫోనులా వినబడిందే తప్ప తనదిగా తోచలేదు.

పనికి మాత్రం పసుపు మీటరే పట్టుకెళ్తున్నాడు, కొత్త వైర్లు తగిలించి. పెద్దదాన్ని ఇప్పుడు తియ్యడమంటే అప్పుడే తియ్యాల్సిందని ఒప్పుకోవడం. ఒప్పుకుంటే, అద్దం జరిపిందెవరన్న ప్రశ్న పుడుతుంది. అది నేరుగా మగ్దలీనమ్మ దగ్గరకు వెళ్ళి ఆగుతుంది. పోయినవి ఆమె తోడబుట్టినవాడి వేళ్ళు. కాబట్టి ఆ పసుపుదాన్ని మోయడం తన వంతు మర్యాద అనుకున్నాడు. ఏదో ఒకరోజు అది మళ్ళీ సున్నా అంటే ఈసారి తానే పోతాడన్న సంగతి తెలియక కాదు. ఆ సంగతి అతన్ని తాకలేదు, అంతే.

వానలు మొదలయ్యాక ఆ పంజాగుట్ట అపార్ట్‌మెంటు సెక్రటరీ బుచ్చిబాబుగారు ఫోన్ చేశారు.

"సత్యరాజు గారూ, మెయిన్ దగ్గర ఏదో కాలిన వాసన వస్తోందండీ. ఆ స్విచ్చి అప్పుడే మార్పించేశాం లెండి. ఐనా మీరైతే ఆ ప్యానెల్ బాగా తెలిసినవారు."

తెలిసినవాడే. వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున బల్ల మీద టిఫిన్ డబ్బా పక్కన మీటరు పెట్టె ఉంది. సత్యరాజు డబ్బా తీసుకుని పెట్టెను వదిలేశాడు.

"ఏందయ్యా, అదెవరు తీస్కపోతరు?" అంది మగ్దలీనమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"బరువుంటది."

"ఏనుగా అది? నేనే లోపల పెట్టిన, నేనే బయటికి తీసిన. ఇంకేం జెయ్యాలె నేను?"

గొంతులో కోపం లేదు, కన్నీరూ లేదు. కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. సత్యరాజు చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అప్పుడే విన్సెంట్ లోపలికి వస్తున్నాడు.

"యాడికి బావా?"

"పంజాగుట్ట."

"గదే ప్యానెలా?"

"అదే."

విన్సెంట్ బావ భుజానికున్న సంచిలో తొంగిచూశాడు. పసుపుది కనబడింది. లోపలికెళ్ళి బల్ల మీది పెట్టె విప్పాడు. మీటరు అద్దం మీద కంపెనీవాడు అంటించిన పల్చటి కవరు అలాగే ఉంది.

"నా చెయ్యే పాయె. దీనికి ఇంకా కవర్ పోలే," అన్నాడు. ఎడమచేతి గోటితో ఆ కవరును ఒక మూల లేపి లాగాడు. అది చిరచిరలాడుతూ వచ్చింది. మగ్దలీనమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"ఆ రోజు తేవాల్సిందిరా," అన్నాడు సత్యరాజు.

"తేవాల్సింది," అన్నాడు విన్సెంట్. పరవాలేదనలేదు. పోనీలే అని కూడా అనలేదు. "పా. నేను సుత వస్త. లైట్ పట్టుకోనీకి ఎడమ చెయ్యి ఉంది గద."

మెట్రో కింద స్కూటరు మీద ఇద్దరూ వెళ్ళారు.

సెల్లార్లో బుచ్చిబాబుగారు రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక స్తంభాన్ని అడ్డం పెట్టుకుని, "కానివ్వండి, నేనిక్కడే ఉన్నాను," అని ధైర్యం చెప్పారు. సత్యరాజు మెయిన్ దించాడు. పెద్ద మీటరును ముందు జనరేటరు కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూశాడు. అంకెలు వచ్చాయి. తర్వాత ప్యానెల్లో పెట్టాడు. మళ్ళీ ప్లగ్గులో పెట్టి, అది బతికే ఉందని రూఢి చేసుకున్నాడు. పసుపుదానికి ఏనాడూ ఈ మర్యాద చేయలేదు.

ఇక కనబడ్డది నోటితో చెప్పాలి. ప్యానెల్లో ఇంకోసారి పెట్టాడు. మీటరు విన్సెంట్ వైపు తిప్పాడు. విన్సెంట్ లైటు వేసి చదివాడు.

"సున్నా."

ఖరీదైన సున్నా కూడా చూడటానికి అలాగే ఉంది. ఇద్దరూ దానివంక చూస్తూ నిలబడ్డారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"జరుగు బావా, నన్నే పెట్టనియ్," అంటూ విన్సెంట్ కుడిచెయ్యి ముందుకు చాపాడు. "దీనికెట్లాగూ ఏం తెల్వది."

"చెయ్యి దియ్ గాడిదా!"

సెల్లారంతా మోగింది. బుచ్చిబాబుగారు స్తంభం వెనక్కి పూర్తిగా వెళ్ళిపోయారు.

"అమ్మయ్య, తిట్టిండు," అన్నాడు విన్సెంట్. "ఇన్నాళ్ళూ జబ్బేమో అనుకున్న."

సత్యరాజు అతని చేతిని పక్కకు తోసి, తన చెయ్యి తిరగేసి, కరెంటుంటే పట్టేసుకోకుండా వేళ్ళ వెనకభాగంతో ప్యానెల్లోని రాగి పట్టీని తాకాడు. తాకి అలాగే ఉంచాడు.

"ఎట్లుంది బావా?"

సత్యరాజు చెయ్యి తిప్పి అరచెయ్యి ఆనించాడు.

"సల్లగుంది," అన్నాడు. "స్పానర్ ఇయ్."