గాట్లు అరగని టైరు

టైరును కాలితో తన్ని చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డుకు తిరిగే మూల మీద ముప్ఫై ఏళ్ళకు పైగా టైర్ల దుకాణం నడిపాను. అన్నేళ్ళలో డాక్టర్లు తన్నారు, ఇంజనీర్లు తన్నారు, కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఒకాయనైతే చెప్పు విడిచి మరీ తన్నాడు. తన్నితే ఏం తెలుస్తుంది? మన కాలు గట్టిదో కాదో తెలుస్తుంది. టైరు తన జాతకమంతా ఒంటి మీదనే రాసుకొని వస్తుంది. పక్కన కూర్చుని చదవాలె. చదువుకున్నోళ్ళకే ఆ ఓపిక లేదు!

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. తర్వాతి చదువంతా టైర్ల పక్కగోడల మీదనే. ఇంగ్లీషు అక్షరాలు రబ్బరు మీద వేలు పెట్టి, తడిమి నేర్చుకున్నాను. చిన్న గుండ్రటి గీత నడుమ నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు ఏ వారం, చివరి రెండు ఏ ఏడాది తయారయిందో చెబుతాయి. ఇది నాకు ఏ కంపెనీవాడూ చెప్పలేదు. చెబితే పాత సరుకు ఎట్లా అమ్ముతారు? నా అంతట నేను పది టైర్లు పక్కపక్కన పెట్టి కనిపెట్టాను.

ఇంత చదివిన నేను ఒకసారి మాత్రం చదవలేదు. ఆ సంగతి చెప్పాలె.

సరూర్‌నగర్ చెరువు వెనక కాలనీలో ఒక సారు ఉండేవాడు. తెనాలి వైపు మనిషి. ఎక్కడో పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పనులు నేర్పి రిటైరయ్యాడు. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నాలుగేళ్ళు ఆమె దవాఖానకు తప్ప గడప దాటలేదు. బస్సెక్కలేదు. లాడ్జీకి పోతే అక్కడి మరుగుదొడ్డిలో కూర్చోలేదు. ఆమెకు ఒకటే కోరిక ఉండేది: నాగార్జునసాగర్ గేట్లెత్తినప్పుడు పోయి చూడాలని.

సారు ఊరికే కూర్చునే మనిషి కాదు. పాత జీపుకు వెనక కొక్కెం పెట్టి, దాన్ని పట్టుకొని వచ్చే రెండు చక్రాల గదిని తయారుచేశాడు. లోపల మంచం, స్టవ్, నీళ్ళ డ్రమ్ము, కుర్చీలాగా కూర్చునే మరుగుదొడ్డి. దారిలో ఆమె జీపులో ముందు సీట్లో కూర్చుంటుంది, చేరినాక గదిలో పడుకుంటుంది. కాలనీవాళ్ళు దానికి ‘తోక ఇల్లు’ అని పేరు పెట్టారు.

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీదుంది. బస్సులు నిలిచిపోయాయి, ఆఫీసులకు తాళాలు, రెండ్రోజులకొక బంద్. దసరా నాలుగు రోజులుందనగా సారు జీపును, తోక ఇంటిని నా దుకాణానికి తెచ్చాడు.

“మేస్త్రీ, జీపు లాగాలి కదా, దానికి కొత్త టైర్లు వెయ్యి. జీపువి విప్పినవాట్లో రెండు వెనక బండికి, ఒకటి స్టెప్నీ. సైజు ఒకటే. గాట్లు చూడు, చెక్కు చెదరలేదు.”

నిజంగానే చెదరలేదు. జీపు తిరిగితే కదా అరగడానికి! ఏళ్ళ తరబడి ఇంటి ముందు ఎండలో నిలబడే ఉంది. కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు కూడా అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. అన్న తొడిగి విడిచిన అంగీ తమ్మునికి వేసినట్టు, లాగే బండి విడిచినవి వెనకొచ్చే బండికి వెయ్యడం మా వృత్తిలో అందరూ చేసే పనే. నేనూ సరేనన్నాను. నాలుగంకెలు చూడలేదు. సారు “గిన్నెలు కుదపకుండా గాలి మెత్తగా పెట్టు” అన్నాడు. ఇరవై ఎనిమిది పాయింట్లు కొట్టాను. పైగా దసరా కదా, ఆయుధ పూజ! అన్నిటికీ నల్ల పాలిష్ పట్టించి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పంపాను. టైర్లు పెండ్లికొడుకుల్లాగా మెరిశాయి.

పోయే ముందు జీపులో ఉన్న ఆమెతో పరాచికం ఆడాను.

“పో తల్లీ, పో. మా నల్లగొండను పక్కకు పెట్టి నీళ్ళు మీ ఊరికెట్ల ఉరుకుతున్నయో దగ్గరుండి చూసి రా.”

“ఆ నీళ్ళు తాగే పెరిగామండీ అన్నయ్యగారూ. అందుకే ఓ దణ్ణం పెట్టుకుని వద్దామని” అన్నది ఆమె.

దసరా తెల్లారి బయలుదేరారు. పొద్దున పదిన్నరకు సారు ఫోన్. ఇబ్రహీంపట్నం దాటిన తర్వాత తోక ఇంటి టైరు పగిలింది. సామాను మోపెడ్‌కు కట్టుకొని ఉరికాను. పోయి చూస్తే గది ఒక పక్కకు ఒరిగి ఉంది. టైరు పైతోలు మొత్తం పట్టీలాగా ఊడి, మడ్‌గార్డును చీల్చి, రోడ్డు మీద పడుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అంతవరకు దేవుడు మంచోడు.

సారు ముఖం తెల్లబోయింది. ఆమె మాత్రం జీపు కిటికీలో నుంచి తల బయటపెట్టి, “చూశారా అన్నయ్యగారూ, దానికీ ఎడమ పక్కే పోయింది” అన్నది. నవ్వాలా, వద్దా? ఆమె నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను.

“లోడెక్కువైందేమో మేస్త్రీ” అన్నాడు సారు. “లేకపోతే ఈ ఎండకి...”

ఎండ మీదికి నెట్టెయ్యవచ్చు. ఎండ వచ్చి కాదంటుందా? కాని నేను ఆ తోలు ముక్క చేతిలోకి తీసుకుని వంచి చూశాను. పక్కగోడ నిండా సన్న పగుళ్ళు, ఎండిన చెరువు అడుగులాగా. పగుళ్ళ నిండా నల్ల పాలిష్. నా వేళ్ళకు నా పాలిషే అంటింది. అప్పుడు వంగి నాలుగంకెలు చదివాను. ఏడేళ్ళ కిందటి సరుకు.

“లోడు సంగతి తర్వాత చూద్దాం సారూ. తప్పు ముందుగాల నాది. ముసలిదానికి రంగేసి పడుచుదని తోలిన.”

స్టెప్నీ వేద్దామంటే అదీ ఆ ఏడేళ్ళ కాన్పుదే. వేసి, గాలి పెంచి, ఎద్దుబండి నడకన వెనక్కి తెచ్చాం. ఇంటికాడ ఆమెను దింపుతుంటే ఒక్క మాటన్నది: “గేట్లు మూసేలోపు ఇంకోసారి అవుతుందాండీ?” పేపర్లో రోజూ రాస్తున్నారు, పై నుంచి వరద తగ్గుతున్నదని. గేట్లు ఒక్కొక్కటే దించుతున్నారు. మళ్ళీ వానాకాలం దాకా ఆగమని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ ఒంటికి ఏడాదంటే చిన్న మాట కాదు.

మరునాడు తోక ఇంటిని, నీళ్ళూ సామానూ నింపి ఉన్నది ఉన్నట్టుగా, కంకర లారీలు తూచే కాటాకు పట్టించాను. బంద్‌లో లారీలు లేవు. కాటా ఆయన కాలు మీద కాలేసుకుని పేపర్ చదువుతున్నాడు. “ఏంది పెద్దాయనా, ఇల్లే తూకానికి తెచ్చినవా? కిలోల లెక్కన అమ్ముతవా?” అన్నాడు. “ముందు బరువు చెప్పు, బేరం తర్వాత” అన్నాను. మొత్తం తూచినాక, ఒక్కొక్క చక్రాన్నే పలక మీదికి ఎక్కించి తూయించాను. అప్పుడు బయటపడింది దొంగతనం. నీళ్ళ డ్రమ్ము, స్టవ్, సిలిండర్ అన్నీ ఎడమ గోడకే ఉన్నాయి. ఎడమ చక్రం మీద కుడిదాని కంటే రెండు క్వింటాళ్ళకు పైగా ఎక్కువ పడుతున్నది. టైరు మీద మోతకు ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చెప్పే బరువును ఎడమ చక్రం దాటేసింది. జీపు కింద నాలుగు టైర్లు పంచుకునేవి. ఇక్కడ రెండే. ఆ ఎడమది ముసలిది, గాలి తక్కువ, పైన తాహతుకు మించిన మోత. అది పగలకుండా ఏం చేస్తుంది?

సారు ఆ రోజంతా కూర్చుని డ్రమ్మును ఇరుసు మీదికి, నడుమకు జరిపాడు. సిలిండర్‌ను కుడి పక్కకు మార్చాడు. అంతవరకు మంచిదే. టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం పేచీ పెట్టాడు.

“పోయింది ఒకటే కదా మేస్త్రీ. ఎడమకి ఒక కొత్తది వేద్దాం. కుడిది నిక్షేపంగా ఉంది. వెంట్రుకలు కూడా పోలేదు చూడు.”

“తలమీద వెంట్రుకలున్నోళ్ళంత పడుచోళ్ళా సారూ?” అన్నాను. ఆయన తల పూర్తిగా గుండు. నవ్వాడు గాని ఒప్పుకోలేదు. వర్క్‌షాపు మనిషి, వస్తువు పారెయ్యడమంటే ప్రాణం పోతుంది.

నేను ఆయన ఒప్పుకునేదాకా ఆగలేదు. గూడ్స్ ఆటోల వంటి సరుకు బండ్లకు వేసే ఎనిమిది ప్లై టైర్లు, అంటే ఎనిమిది పొరల బలమున్నవి, కావాలె. పక్కగోడ గట్టిగా ఉంటుంది, యాభై పాయింట్ల గాలి తట్టుకుంటుంది. మా దగ్గరి షాపులన్నీ బంద్. మూసారాంబాగ్‌లో తెలిసినాయన ఒకాయన షట్టరు సగం లేపి ఇచ్చాడు. రిమ్ముకు సరిపోయే సైజు చూసి, నాలుగంకెలు చదివి, ఆ ఏడాదివే మూడు తీసుకున్నాను. రెండు వేసేవి, ఒకటి స్టెప్నీ. మోపెడ్‌కు అటొకటి, ఇటొకటి, వెనకొకటి కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వస్తున్నాను. రోడ్డు నడుమ వంటావార్పు. పొయ్యిలు పెట్టి కిచిడీ వండుతున్నారు, పాటలు పాడుతున్నారు. నన్ను చూడగానే మెడలో కండువా ఉన్న ఒకాయన ఎదురొచ్చాడు. సమ్మెలో ఉన్న లెక్చరరట.

“వచ్చినవా తాతా! టైర్లు తెచ్చినవా! మూడా! తాత దిల్‌దార్ మనిషి!”

“ఆగు బిడ్డా, గివి కాల్చేటియి కావు. రేపు పొద్దుగాల నా దుకాణం కాడికి రా. ఒక ముసలిదున్నది, ఇస్త. మాట తప్ప.”

“మాట మీద నిలవడ్తవా?”

“నాది నల్లగొండ.”

కిచిడీ ఆకులో పెట్టి ఇచ్చి పంపారు. ఉద్యమం నాది కూడా. అది వేరే మాట. కాని ఆ మూడు టైర్లు మాత్రం ఆమెవి.

తెల్లారి కండువా లెక్చరర్ వచ్చాడు. సారు కూడా అక్కడే ఉన్నాడు, కుడి టైరును విప్పించవద్దని చివరి మాట చెప్పడానికి. నేను అప్పటికే విప్పి గోడకు ఆనించాను. లెక్చరర్ దాన్ని చూశాడు, చుట్టూ తిరిగాడు, తర్వాత నా కళ్ళ ముందరే కాలితో తన్నాడు!

“తాతా, ఇది కొత్తది కద. దీన్ని కాలవెడ్తె పాపం తలుగుతది. మా బావకు జీపున్నది, దానికి వేస్త. నీకు దండం పెడ్త.”

“చూశావా మేస్త్రీ!” అన్నాడు సారు. “తగలబెట్టేవాడికే మనసు రావట్లేదు!”

నాకు తిక్క రేగింది. కాల్చడానికి వచ్చినోడు కూడా దాని గాట్లు చూసి మోసపోయాడే! ఆ బావ దాన్ని ఏ చౌటుప్పల్ దగ్గరో పగలగొట్టుకుంటాడు, లోపల పిల్లలుంటారు. ఇంక మాట్లాడకుండా హాక్సా బ్లేడు తీసుకుని పక్కగోడను అడ్డంగా కోశాను. పావుగంట పట్టింది. ఇద్దరూ అయ్యో అయ్యో అంటూనే ఉన్నారు. కోసిన పెదవులు రెండూ వంచి పట్టి చూపించాను. పైన పాలిష్ మెరుపు. లోపలికి పగుళ్ళు దారాల దాకా దిగాయి. భుజం దగ్గర పైతోలుకు, లోపలి పొరకు నడుమ నా గోరు దూరింది. ఇంకో నూరు కిలోమీటర్లు పోతే ఎడమదాని దారే.

సారు కళ్ళజోడు సర్దుకుని వంగాడు. గోరు తనూ దూర్చి చూశాడు.

“దీని మీదా దాన్ని తీసుకెళ్ళింది...” అన్నాడు చివరికి. ‘దాన్ని’ అంటే భార్యను. తర్వాత తలెత్తి, “మూడూ వెయ్యి మేస్త్రీ. గాలి ఎంతంటే అంత” అన్నాడు.

లెక్చరర్ కోసిన టైరును భుజానేసుకొని పోయాడు. “బావకు చెప్పు, నాలుగంకెలు చదువుకొమ్మని” అని కేకేశాను. మధ్యాహ్నం చౌరస్తా వైపు నల్లటి పొగ లేచింది. టైరు పొగంటే నాకు సరిపడదు, దగ్గొస్తుంది. ఆ రోజు దగ్గుకుంటూనే సంతోషపడ్డాను.

బంద్ ఆపి రోడ్లు విడిచిన ఆదివారం తెల్లవారగానే బయలుదేరారు. నేనూ ఎక్కాను. నా టైర్లను నేను నమ్మక కాదు, ఈసారి చదివిన చదువు సరైందో కాదో నాకే తెలియాలె. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, మల్లేపల్లి. ఆగినకాడల్లా దిగి రెండు టైర్లకు అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంటే సరే. కాలితే లోపల ఏదో పరేషాన్ ఉన్నట్టు. ఎడమదీ కుడిదీ ఒకే వెచ్చదనం, జ్వరం తగ్గిన పిల్ల నుదురులాగా. ఆమె ప్రతిసారీ కిటికీలోంచి “ఎంతుందండీ డాక్టరుగారూ?” అని అడుగుతూనే ఉంది.

సాగర్ చేరేసరికి రెండు గేట్లే లేపి ఉన్నాయి. సారు నొచ్చుకున్నాడు. పోయినసారే చేరి ఉంటే ఇంకెన్నో చూసేదని గొణిగాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తోక ఇంటి నీడలోకి తెచ్చాం. తెల్లటి నురగ, ఆ మోత, గాలికి వచ్చి ముఖాన పడే తుంపర. ఆమె కుడి చేత్తో ఎడమ చెయ్యిని పట్టి లేపి, రెండూ కలిపి దండం పెట్టింది.

“రెండేనే” అన్నాడు సారు.

“నాకున్న కళ్ళూ రెండేనండీ. ఇక చాల్లెండి.”

లోపల స్టవ్ మీద టీ పెట్టాడు సారు. గిన్నెలు ఒక్కటీ సొట్టపోలేదు. యాభై పాయింట్ల గాలికి కూడా! నేను గ్లాసు పట్టుకుని అట్లా నిలబడి ఉన్నాను. ఎక్కడి నుంచి వచ్చాడో, తెల్ల చొక్కా మనిషి ఒకడు తోక ఇల్లంతా చుట్టూ తిరిగి చూసి, మెచ్చుకొని, చివరికి అలవాటుగా ఎడమ టైరును బూటుతో తన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

“అదేం ఎద్దా నాయనా, తన్నడానికి? కూర్చుని చదువు. అంతా దాని మీదే రాసుంది.”

ఆయన ఏం రాసి ఉందోనని నిజంగానే వంగాడు. నేను పోయి పక్కన గొంతుక్కూర్చున్నాను. నాలుగంకెలు ఎక్కడుంటాయో వేలు పెట్టి చూపించాను. టీ చల్లారిపోయింది.