బాలింత గదికి పొగ

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేను ముఖం మీదే తిట్టేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయని అనను. చూసింది, విన్నది రాస్తున్నాను, అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, కల్వకుర్తి అవతల, ఊళ్లలోకి వస్తే పట్టుకొచ్చిన ఎలుగుబంట్లను ఉంచే చోట పనిచేశాను. వాటికి జొన్న గటక వండడం నా పని. మల్లి అనే ఆడ ఎలుగు అక్కడే చూడిదైంది. చలికాలం రాగానే చీకటి గదిలోకి పోయి తిండి మానేసింది. అక్కడి జంతువుల డాక్టరమ్మ అందరినీ పిలిచి చెప్పింది: తలుపు తీయొద్దు, వెలుతురు పడొద్దు, కొత్త వాసన తగలొద్దు. బెదిరితే తల్లే పిల్లను చంపి తినేస్తుంది.

కొన్నాళ్లకు లోపలి నుంచి తేనెటీగలు మూగినట్టు సన్నటి మోత. పిల్ల పాలు తాగుతోందని డాక్టరమ్మ మురిసిపోయింది.

నాతో పనిచేసే సైదులు భార్య కూడా అప్పుడే బాలింత.

"అక్కా, బాలింత గదికి సాంబ్రాణి పొగ వెయ్యకుంటే ఎట్ల?" అన్నాడు.

"అది నీ పెండ్లాం గాదు, గుడ్డెలుగు. జర ఊకో."

"గుడ్డెలుగైతేంది? బాలింత బాలింతనే గద."

పరాచికమనుకున్నాను. కట్టెలకు పోయి వచ్చేసరికి తలుపు కింద నిప్పుల మూకుడు. పొగంతా లోపలికి పోతోంది. మోత ఆగిపోయింది.

మరునాడు డాక్టరమ్మ తల్లిని బయటికి రప్పించి గది చూసింది. గడ్డి మీద కాస్త నెత్తురు, ఇంకేమీ లేదు. అడవి జంతువుకు పొగ అంటే కాలుతున్న అడవి. పారిపోదామంటే బయట గొళ్లెం. పెట్టింది మనమే.

వారం దాటాక, పట్టపగలు, మల్లి తిరిగి చేరిన ఆ గదిలోంచి మళ్లీ అదే మోత. పంజా చీకుతోందేమో, అప్పుడూ ఇట్లాంటి మోతే వస్తుంది అంది డాక్టరమ్మ. తలుపు సందులోంచి చూశాం. రెండు పంజాలూ గడ్డి మీదే ఉన్నాయి. నోరు మూసి ఉంది. రొమ్ముల దగ్గర వెంట్రుకలు తడితడిగా ఉన్నాయి.

"బతికే ఉన్నదక్కా," అని సైదులు ఏడ్చాడు.

"నువ్వు మాట్లాడకు," అన్నాను.

ఇంకా మూసి ఏం లాభమని ఆ గది తలుపు తెరిచేశారు. మల్లి తల ఎత్తి, పిల్లను నోట కరుచుకున్న తల్లిలా, అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. నోట్లో ఏమీ లేదు. ఆవరణ చివర బండల సందులోకి దూరి, మాకు వీపు పెట్టి పడుకుంది. కాసేపటికి అక్కడ మోత మొదలైంది.

ఆ పాలు ఎవరు తాగారో నాకు ఇప్పటికీ తెలియదు. అదేదైనా, మల్లి దాన్ని మా నుంచే దాచుకుందని మాత్రం తెలుసు.