అవ్వ చింతచెట్టు కింద పరిచిన గడ్డి

సముద్ర పక్షుల మీద ఏళ్లతరబడి పనిచేశాక, హిందూపురం దగ్గర ఒక ఊరికి కొంగల మీద పరిశోధనకు వచ్చాను. అవి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్ల కాయలు ఎవరూ దులపరు. ఒక అవ్వయితే, జారిపడిన పిల్ల బతకాలని తన చెట్టు కింద మెత్తగా గడ్డి పరిచేది. ఏ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో ఆమె చెబితేనే నేను రాసుకున్నాను.

నా పరిశోధన వ్యాసం చివర ఆమెకు కృతజ్ఞతలు రాస్తే మా పెద్ద శాస్త్రవేత్త ఆ వాక్యం కొట్టేశాడు.

"చదువు రాని మనిషి పేరెందుకమ్మా? మన పరువు పోతుంది."

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు బడి మెట్లెక్కకుండా నాయన దగ్గర ఇంట్లో అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. చేసిన మేలు మరిస్తే దేవుడు క్షమించడని ఆ నాయనే నేర్పాడు.

"అయితే నా పేరూ కొట్టేయండి సార్" అన్నాను.

ఈ సంగతి చెబితే అవ్వ పకపకా నవ్వింది.

"పేరుదేముండాది పాపా? ఆ సారును ఒకతూరి ఈడికి రమ్మను. రెండు మోపులు గడ్డి మోసిపోతాడు."

ఆమె నవ్వగలిగింది. నేను నవ్వలేకపోయాను. ఆ వాక్యం లేకుండా వ్యాసాన్ని పంపనివ్వలేదు. అది ఇంకా అచ్చు కాలేదు.