జివోయిన్ కూమరికం

దాన్యూబ్ నది మీద చిన్నప్పట్నుంచీ సరుకు పడవలు నడిపిన జివోయిన్‌కి అలక వచ్చిందంటే దిగడానికి ఏళ్లు పట్టేది. సెర్బుల బిడ్డ. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్న గొప్పల్లా ఒక్కటే, స్మిల్యమ్మ ఇంటికి కూమ్ కావడం. ఆ ఇంటి పెళ్లిళ్లలో వరుడి పక్కన నిలబడాలన్నా, బిడ్డను ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించాలన్నా తాతల నాటి నుంచీ జివోయిన్ వాళ్లే.

కూమ్ అనే మాట కథ చెప్పమంటే చాలు, పొంగిపోయేవాడు. పుట్టింది లాటిన్‌లో, బిడ్డకు తోడుతండ్రి అనే అర్థంలో. "రుమేనియా రేవుల్లో కుమాత్రు అంటారు, మంచి మర్యాద చేస్తారు. ఇటలీలో కొంపారే అంటే ప్రాణమిస్తారు. ఇక ఆ ఫ్రాన్సు వాళ్లున్నారే, సంతలో మోసగాడికి తాళం వేసేవాణ్ణి కొంపేర్ అంటారట! సిగ్గుండక్కర్లా?"

అంత అభిమానం గలవాణ్ణి స్మిల్యమ్మ కొడుకు మిలెంకో పెళ్లిలోనే అవమానించారు. వాన ముంచుకొచ్చి బల్లలన్నీ లోపలికి లాగే హడావిడిలో, వరుడి పక్కన కూమ్ కూర్చోవలసిన చోట పెళ్లికూతురి మేనమామ కూలబడ్డాడు. లెమ్మని ఎవరూ అనలేదు. జివోయిన్ వంటవాళ్ల దగ్గర కూర్చుని, సూపు తాగి లేచి వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు.

"మా హంగేరీ వాళ్లలో కోమ అంటే తాగుడు జతగాడురా. పొద్దున తిట్టుకుంటాం, సాయంత్రం కలిసి తాగుతాం. మీకే ఈ పీకులాటంతా!" అనేవాడు పక్కింటి గెర్గెయ్.

"నోర్ముయ్. నీకేం తెలుసు?" అనేవాడు జివోయిన్. కానీ మిలెంకోకి ఆడపిల్ల పుట్టిందని విన్న నాటి నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు.

ఒక ఆదివారం స్మిల్యమ్మ రొట్టె, ప్లమ్ పళ్ల సారా పట్టుకుని వచ్చింది. పాత కూమ్ దీవించి తప్పుకుంటే తప్ప కొత్తవాడు ఆ చోటికి రాకూడదు. దేనికొచ్చిందో అతనికి అర్థమైంది.

"తప్పు మాదే కూమా. మీ కోపం తీరదంటే దీవెనన్నా ఇవ్వండి, ఇంకొకర్ని బతిమాలుకుంటాం. పిల్లకి ఐదో నెల వచ్చింది."

జివోయిన్ గ్లాసు ఎత్తాడు. 'సుఖంగా ఉండండి' అని ఒక్క మాటంటే తాతల నాటి బంధం తెగిపోతుంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "పిల్ల పేరేమిటి?" అన్నాడు.

స్మిల్యమ్మ కళ్లు తుడుచుకుంది. "పేరెక్కడిది బాబూ? చంటిదనే పిలుస్తున్నాం. వాళ్లమ్మ ఎన్ని పేర్లు చెప్పినా మా మిలెంకో ఒప్పుకోడు. పేరు పెట్టే హక్కు కూమ్‌ది, జివోయిన్ బాబాయి బతికుండగా మనమెవరం అంటాడు."

"అన్నాడా వాడు?"

"మీ ముఖం చూడ్డానికి భయపడి వీధి చివర నించున్నాడు, వెధవ. పిల్లనెత్తుకుని."

గ్లాసు అక్కడే పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా జివోయిన్ వీధిలోకి పరుగెత్తాడు.

"ఒరే మిలెంకో! ఎండలో నిలబెట్టావేంరా దాన్ని? ఇటివ్వు. ముఖం చూడకుండా పేరెలా పెట్టమంటావు?"