గాలి సోకని బకెట్టు

"మీ చిన్నాన్న పోనాడమ్మా. టీ తాగి కుర్చీలో వాలినాడు, మరి లేవనేదు" అని పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఈయాల సీసాల్లో పోస్తానన్నాడు. వెనక గదిలో బకెట్టు అలాగే ఉంది. ఏటి సెయ్యాలో నాకు తెల్దు" అంది. మా డిగ్నాబాద్ నుంచి చిన్నాన్నవాళ్లుండే మిన్నీ బే వెళ్లే ఆటోలో కూర్చున్నాక, ఆయన కోసం ఏడవాలో బకెట్టు కోసం బెంగపడాలో నాకు తోచలేదు. రెండూ చేశాను.

ఆ బకెట్టులో ఉన్నది బీరు. చిన్నాన్న ఓడల్లో, ఇంజిన్ గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో బీరు కాయడం తోటి ఖలాసీ ఒకాయన నేర్పారట. దానికి కావలసిన మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చెన్నై ఓడ మీద ఎవరో ఒకరు తెచ్చిపెట్టేవారు. మొదట్లో ఆయన బీరు రెండో గుక్క తాగినవాళ్లు లేరు. వానకి తడిసిన అట్టపెట్టె వాసన వేసేది. సరుకంతా ఓడల్లో దిగే దీవి మాది, ఆ వాసన ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పులిసిన బీరుకి గాలి తగిలితే అలా పాడవుతుందని తెలిశాక, ఇంక ఆయనకి అదే పిచ్చి. "పిల్లకి గాలి సోకితే తాయెత్తు కడతాం. బీరుకి సోకితే ఏటి కడతాం?" అనేవారు.

మాల్టుని కాచిన రసం చల్లారాక, ఈస్టు వేసే ముందు మాత్రం బకెట్టుని కుదిపి కుదిపి గాలి పట్టించేవారు. పొంగడం మొదలైందంటే మూత బిగించడమే. మూతలోంచి వచ్చే సన్నని గొట్టం పక్కనున్న నీళ్ల సీసాలో మునిగి ఉండేది. లోపలి గ్యాసు బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాలేదు. "మొదట్లో గాలి కావాలి. ఈడొచ్చాక గాలి తిరుగుళ్లు పనికిరావు" అని నావైపు చూసేవారు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు లెండి.

మిన్నీ బే వాళ్లు తమ సముద్రపు గాలి గురించి తెగ గొప్పలు పోతారు. సీసాలు నింపే రోజున ఆ ఇంట్లో మాత్రం కిటికీలన్నీ మూసి, ఫ్యాను ఆపేసేవారు. చెమటలు కక్కుతూ నేను సీసాలు నింపేదాన్ని.

"కిటికీ మూస్తే గదిలో గాలి పోతుందేటి చిన్నాన్నా?"

"పోదు. నీకు భయమొస్తాది. భయముంటే చెయ్యి కుదురుగా ఉంటాది. ఆరామ్ సే కానీ."

బీరు పోసే గొట్టం సీసా అడుగుదాకా దించాలి. గుళగుళమని చప్పుడు రాకూడదు. వస్తే తిట్టేవారు కాదు, ఆ సీసా మీద సుద్దతో నా పేరు రాసేవారు. అట్టపెట్టె వాసనొచ్చినా సరే, అది నేనే తాగాలి. నాలాంటి తొందరమనిషికి ఈ మాత్రం ఓపిక అబ్బిందంటే అది ఆయన చలవే.

పిన్నికి ఈ గోలంతా గిట్టేది కాదు. ఇల్లంతా కంపు అని గొణిగేది. ఒక్క చుక్క నోట్లో పోసుకున్నది లేదు.

శ్మశానం నుంచి రాగానే మా నాన్న, అంటే చిన్నాన్నకి అన్నగారు, పెద్దరికం మొదలెట్టారు. చావింట్లో వండినదీ నిలవున్నదీ అంతా మైలే కదా. చేపల పులుసు పారబోయించారు, నీళ్ల డ్రమ్ములు ఒంపించారు. చివరికి వెనక గదిలోకి వెళ్లి బకెట్టు మూత మీద చెయ్యి వేశారు. ఆయన చేతులతో చేసింది మాకు మిగిలింది అదొక్కటే. కానీ మా నాన్నకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు.

"అది ముట్టుకోకండి బావా" అంది పిన్ని.

"ఉడకబెట్టిందే కదమ్మా. మైల తగిల్నాది."

"నెల్లాళ్లై గాలే తగల్లేదు దానికి. మైలెలా తగుల్తాది?"

మా నాన్న చెయ్యి తీసి, డ్రమ్ములు తోమించడానికి వెళ్లిపోయారు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత పలకరింపుకి వచ్చినవాళ్లు ఒక్కసారి మూత తీసి చూస్తామని సరదాపడితే, పిన్ని గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు మేమిద్దరమే సీసాలు నింపాం. కిటికీలు నేను చెప్పకుండానే పిన్ని మూసింది. గొట్టం కూడా తనే పట్టుకుంది. ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. ఆఖరి సీసా సగమే నిండింది. సగం సీసాలో మిగతా సగం గాలే కాబట్టి, దాన్ని దాచడానికి లేదు. పిన్ని గ్లాసులోకి ఒంపుకుని, సీసాలో మాగి ఇంకా గ్యాసు పట్టని ఆ బీరుని ఓ గుక్క తాగి, మొహం చిట్లించింది.

"దీనికేనా ఇన్నాళ్లూ నన్ను ఉక్కలో కూకోబెట్టినాడు" అంది.

పనైపోయిందని లేచి నేను కిటికీ తెరిచాను. సముద్రం మీంచి గాలి ఒక్కసారిగా గదిలోకి కొట్టింది. వెనక్కి తిరిగి చూస్తే, పిన్ని గ్లాసుని ఒళ్లోకి లాక్కుని, దాని మూతి మీద అరచెయ్యి కప్పుకుని కూర్చుంది.