గ్రహణం నాడు నేను ఆర్పేసిన చంద్రుడు

ఫాల్గుణ పౌర్ణమి పోయిన మూడో రోజు, శుక్రవారం, సాయంత్రం ఏడూ పది. గోడ గడియారం చూసే చెబుతున్నాను. మా హాల్లో ఉన్న ఉప్పునీళ్ల తొట్టి నిండా ఎర్రటి నలుసులు కనిపించింది అప్పుడే. చేతిలో టార్చి జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

తొట్టి మా చిన్నోడిది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు. నాలుగడుగుల గాజు తొట్టి, అందులో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు, రెండు చేపలు, పగడాలు. పగడమంటే మా అమ్మ మెడలోని పూసే నాకు తెలుసు. అది రాయనుకున్నాను. కాదమ్మా, ప్రాణి, దానికి నోరుంటది, పగలు రాత్రి తెలుస్తయి అని వాడంటే నమ్మలేదు. మొదటి తొట్టి చచ్చినప్పుడు నమ్మాను. ఎండాకాలంలో కరెంటు పోయి నీళ్లు మసకబారాయి, తెల్లారేసరికి ఇల్లంతా కుళ్లు వాసన. వాడు చచ్చిన చేపల్ని, పగడాల్ని బకెట్టుతో బయటికి మోసి, రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండో తొట్టి తెచ్చిన రోజు మా కోడలు ఒకటే మాట అంది: "గిదే ఆఖరు. గిది గూడ పోతే మళ్ల ఇంట్ల తొట్టి పేరెత్తొద్దు." వాడు సరేనన్నాడు. కోడలు సోమాజిగూడలో ఆసుపత్రి నర్సు. అన్న మాట మీద నిలబడే మనిషి.

ఈసారి వాడు తొట్టికి చంద్రుణ్ణి కూడా పెట్టాడు. పంజాగుట్టలో కొన్న సన్నటి నీలం దీపం, దానికి ఫ్యాను రెగ్యులేటరు లాంటి మర. వెన్నెల పెరగడం, తరగడం పగడాలకు తెలియాలట. మర చుట్టూ గీతలు గీసి ఆ పని నాకప్పగించాడు. ఇంట్లో తిథి చూసేది నేనొక్కదాన్నే. నేను అక్షరాలు నేర్చింది యాభై ఎనిమిదో ఏట, ఆ గోడ క్యాలెండరు మీదే. నేర్పింది ఎదురింటి టీచరమ్మ. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే బడిలో చెప్పి రిటైరయింది. ఆదివారం చర్చికి పోయే ముందు కూడా నా చేత ఒక పేజీ చదివించి కానీ కదిలేది కాదు. రోజూ ఐదింటికి తొట్టి మీద పెద్ద లైట్లు ఆరగానే నేను తిథి చదివి మర తిప్పాలి. పౌర్ణమికి నిండుగా, అమావాస్యకు బందు. ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పలేదు.

గ్రహణం నాడు తప్పాను. మంగళవారం పౌర్ణమి, సాయంత్రమే గ్రహణం. మా వాడు పనిమీద వరంగల్‌లో ఉన్నాడు. బల్కంపేట గుడి దగ్గర గరక కొని నీళ్ల బిందె మీద, పచ్చడి జాడీల మీద వేశాను. తొట్టిలోవి కూడా నీళ్లే కదా, మూత మీద రెండు పోచలు పెట్టాను. పైన చంద్రుడికి గ్రహణం పట్టినప్పుడు కింద వీడు వెలగడమేమిటని ప్లగ్గు పీకేశాను.

టీచరమ్మ ఉప్మా ప్లేటు చేత పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి వదినగారూ, మీ గ్రహణం చేపలక్కూడానా?"

"తినుకుంట మా గడపల నిలబడకు టీచరమ్మా. మాకు దోషం తగుల్తది."

"తినేది నేను, దోషం మీకా? బానే ఉందండీ!"

గ్రహణం విడిచాక తలకు పోసుకుని ప్లగ్గు పెట్టాను. దీపం వెలగలేదు. మర అటూ ఇటూ తిప్పాను. వెలగలేదు. చెడగొట్టాననుకున్నాను. వాడు ఫోన్ చేసి "అమ్మా, చంద్రుడెట్లున్నడు?" అనడిగితే "మంచిగున్నడు బిడ్డా" అన్నాను. ఎవరినైనా మొహం మీద అనేసే దాన్ని, కొడుక్కి మూడు రోజులు మూడు అబద్ధాలు చెప్పాను. కోడలికి ఆ వారం రాత్రి డ్యూటీలు, తొట్టి వైపు చూసే తీరికే లేదు.

శుక్రవారం ఆమెకు సెలవు. వాడు తిరిగొచ్చే రోజు కూడా అదే. చేపలకు చిటికెడు మేత వేద్దామని టార్చి కొట్టాను. ఆవగింజల కన్నా సన్నం, గులాబి ఎరుపు, వేలకు వేలు పైకి తేలుతున్నాయి. ముందు హోలీ రంగు అనుకున్నాను. మూత ఇంకా తీయలేదే, రంగెట్లా పడింది? నీళ్లు మసకబారుతున్నాయి. మొదటి తొట్టి కూడా ఇట్లాగే మొదలైంది.

"అయ్యో, చంపేసిన! తొట్టిని నేనే చంపేసిన!"

నా అరుపుకు కోడలు వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చింది, టీచరమ్మ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. కోడలు చేయి కడుక్కుని, వేలు ముంచి వాసన చూసింది.

"కుళ్లితే వాసన రావాలె అత్తమ్మా. ఏం వస్తలేదు." టార్చి తీసుకుని పగడం పక్కన వంగింది. "ఆగుండ్రి. పైకెళ్లి పడ్తలేవు. దాని నోట్లకెళ్లే వస్తున్నయ్!"

"ప్రభువా," అంది టీచరమ్మ. గాజుకు ముక్కు ఆనించి వంగింది.

ఏడున్నర దాటాక మా వాడు బ్యాగు భుజాన ఉండగానే తొట్టి చూశాడు. మొహం తెల్లబోయింది.

"మోటర్లు బందు చెయ్! గుడ్లు! గుడ్లన్నీ అండ్ల పడి నుజ్జయితయ్!"

"ఏం గుడ్లురా?"

"పగడాలు గుడ్లు పెడుతున్నయ్ అమ్మా!"

రాయికి గుడ్లు. కోడలి చేతిలో టార్చి తీసుకుని తొట్టి ముందు కూర్చున్నాను. వాడు నీళ్లు తిప్పే మోటర్లు ఆపి, పైనున్న దీపం వంక చూశాడు. "చంద్రుడేడి?"

చెప్పేశాను. గరక, గ్రహణం, ప్లగ్గు, మూడు అబద్ధాలు, అన్నీ ఒక్క ఊపిరిలో. వాడు స్విచ్చి బోర్డు చూసి, ప్లగ్గు తీసి పక్క రంధ్రంలో పెట్టాడు. దీపం వెలిగింది. నేను మళ్లీ పెట్టింది ముందున్న దాంట్లో కాదట, ఎన్నడో కాలిపోయిన రంధ్రంలోనట. వెంటనే మళ్లీ ఆర్పేశాడు.

"మూడు దినాల సంది చీకటేనా?" అని నా ముందే కూర్చున్నాడు. "పౌర్ణమి పోయినంక చంద్రుడు లేటుగొస్తడు గద అమ్మా. పొద్దుగూకినంక జరసేపు చీకటుంటది. సముద్రంల వీటికి అదే గుర్తంటరు. నేను ఐదింటికెళ్లే వెన్నెల పెట్టిచ్చిన. చీకటే ఇయ్యలే."

ఇది నాకు తెలియని సంగతా? పౌర్ణమి పోయాక చంద్రుడు రోజురోజుకూ ఆలస్యమవుతాడని అక్షరం రాకముందే తెలుసు. ఆ చీకట్లో ఎన్నిసార్లు నడవలేదు! ఎనిమిది నెలలు తిథి చదివాను కానీ చంద్రుడు ఏ వేళకొస్తాడన్నది ఆలోచించలేదు.

మురిసే తీరిక లేదు. గుడ్లు నీళ్లలోనే చెడిపోతే తొట్టి మొత్తం పోతుందన్నాడు. గిన్నెలతో పైన తేలినవి తోడాం. మూడో వంతు నీళ్లు తీసి, వాడు కలిపి ఉంచుకున్న డ్రమ్ములోవి పోశాం. టీచరమ్మ కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని బకెట్టు పట్టింది. తొమ్మిదిన్నరకు గాజు వెనక గోడ మళ్లీ కనిపించింది.

కోడలు చేతులు తుడుచుకుంటూ అంది, "నా మాట వాపసు తీసుకున్న. తొట్టి ఉండనీ." తర్వాత నా వైపు తిరిగింది. "ఫోన్ల మూడు దినాలు మంచిగున్నడన్నరు గద అత్తమ్మా?" నేను ఖాళీ బకెట్లు తీసుకుని బయటికి నడిచాను.

తోడిన గుడ్లను వాడు వేరే గిన్నెలో దాచి చూశాడు. ఆదివారానికి ఒక్కటీ మిగల్లేదు. పగడాలు మాత్రం బాగున్నాయి. ఇప్పుడు పౌర్ణమి దాటాక దీపం రోజుకు ముప్పావు గంట ఆలస్యంగా వేస్తున్నాను.

ఆ సాయంత్రం అక్కడున్నవాళ్లు: వాసన చూసి చెప్పిన నా కోడలు, బ్యాగు దించకుండా నిలబడ్డ నా చిన్నకొడుకు, నాకు అక్షరాలు నేర్పిన ఎదురింటి టీచరమ్మ, ప్లగ్గు పీకిన నేను.