పద్నాలుగు సీసాలకు తలంటు

మనిషన్నాక పొరపాట్లు చేస్తాడు, కాదనను. కానీ నూట నలభై ఏళ్లుగా ఎవరికీ చేతకాని పొరపాటును ఒక్క శుక్రవారం మధ్యాహ్నం, రెండు గంటల్లో, అదీ సొంత చింతపండుతో చేసినదాన్ని ఆక్లాండ్ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ వినాశనం ఎలా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నా ముఖం మీకు కనపడదు కాబట్టి నాకూ ఇబ్బంది లేదు.

అప్పటికి మేము న్యూజిలాండ్ వచ్చి ఎనిమిది నెలలు. మౌంట్ ఆల్బర్ట్‌లో చిన్న ఫ్లాట్. మా ఆయన శ్రీనివాస్‌కి ఉద్యోగం ఉంది, నాకు లేదు. హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా వెలగబెట్టి వచ్చినా, ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా నవ్వుతూ కాఫీ ఇచ్చి, "మీకు ఇక్కడి అనుభవం లేదు కదా" అని ఇంకాస్త నవ్వుతూ సాగనంపేవాళ్లు. అనుభవం కావాలంటే ఉద్యోగం రావాలి, ఉద్యోగం రావాలంటే అనుభవం కావాలి. ఇంట్లో కూర్చుని కూర్చుని నా మీద నాకే నమ్మకం పోతున్న రోజుల్లో పక్క వీధి ఆంటీ ఒకావిడ సలహా ఇచ్చారు. "ఎక్కడైనా వాలంటీర్‌గా చేరమ్మా. నీ గురించి ఫోన్లో నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఈ దేశంలోనే పుట్టిపెరిగిన ఒక కివీ మనిషి దొరుకుతుంది."

అలా దొరికిన కివీ మనిషి మార్గరెట్. డెబ్భై ఏళ్లుంటాయి. పాత చెక్క ఇంట్లో ఉన్న ఒక బుల్లి మ్యూజియానికి అధికారి ఆవిడే, టికెట్లు చింపేదీ ఆవిడే, తోటమాలీ ఆవిడే. ఆ ఇంటి ముందు గది ఒకప్పుడు కొట్టు. ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఓడలో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెల్లవాళ్లకి తిండి సరుకులూ మందులూ అమ్మిన కొట్టు. అల్మారాలో నూట నలభై ఏళ్ల నాటి సీసాలు: రక్తశుద్ధి టానిక్, లివర్ మాత్రలు, పసివాళ్లకి పళ్లొచ్చేటప్పుడు పట్టే సిరప్, జుట్టు మొలిపించే తైలం, గుర్రాల కీళ్లనొప్పుల మందు, చేపల సాస్, ఇంకా ఆరోరూట్, అంటే మన పాలగుండ, ఒక డబ్బా. లేబుళ్లు చదువుతుంటే నాకు మతిపోయేది. ఒక్క టానిక్కే అజీర్ణం, దగ్గు, దిగులు, నిద్రలేమి, బట్టతల అన్నీ తగ్గించేస్తుందట. ఇంటికొచ్చి మా ఆయన నడినెత్తి చూసి, ఈయన ఆ రోజుల్లో పుట్టాల్సింది అనుకునేదాన్ని.

రెండు నెలలు బుద్ధిగా పనిచేశాను. ఈలోగా ఊరి ఉత్తరాన ఆల్బనీలో ఒక కంపెనీవాళ్లు టెస్టర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసి, "అంతా బాగుంది. సోమవారం మీ మార్గరెట్‌తో మాట్లాడి నిర్ణయం చెప్తాం" అన్నారు. అంటే నా బతుకంతా ఆవిడ నోటి మాట మీద ఆగి ఉందన్నమాట.

సోమవారానికి ముందొచ్చే శుక్రవారమే మన కథానాయిక.

"రేపు కోలిన్ వస్తున్నాడు లలితా," అంది మార్గరెట్. "ఈ కొట్టు పెట్టినాయన మునిమనవడు. ఈ సీసాలన్నీ కోలిన్ ఇచ్చినవే. నేను డెంటిస్ట్ దగ్గరికి వెళ్లొస్తాను, గది కాస్త చూసుకో."

ఆవిడ కారు సందు తిరిగింది. నేను గది చూశాను. సీసాల మీద వేలెడు దుమ్ము. ఇత్తడి త్రాసు నల్లగా కమిలిపోయి ఉంది. పెద్దమనిషి వస్తున్నాడంటే గోదావరి జిల్లా ఆడపిల్లకి చెయ్యి ఊరుకుంటుందా చెప్పండి. చుట్టాలొస్తే మా అమ్మ ఇంట్లో గరిటెలతో సహా తోమించి ఎండలో పెట్టించేది. పైగా మార్గరెట్ తిరిగొచ్చి, మెరుస్తున్న అల్మారా చూసి, సోమవారం ఫోన్లో ఏం చెప్తుందో కూడా ఊహించేసుకున్నాను.

నిజానికి చేరిన మొదటి రోజే నాలుగు పేజీల సూచనలిచ్చి కింద సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. చదవాలని ఎవరూ అడగలేదు.

ఫ్లాట్ పది నిమిషాల నడక. వెళ్లి చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు తెచ్చాను. త్రాసుని తోమితే బంగారంలా తేలింది. దాంతో ఊపొచ్చింది. పద్నాలుగు సీసాల్నీ వెనక వంటగది సింకులో గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, ఒక టీ పెట్టుకు తాగొచ్చాను. వచ్చేసరికి నీళ్ల మీద లేబుళ్లు నూనెలో అప్పడాల్లా తేలుతున్నాయి.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, హెయిర్ డ్రయర్ పట్టుకుని అర్జెంటుగా మ్యూజియంకి రండి."

"అక్కడ తలంటుకున్నావా?"

"నేను కాదు. సీసాలు."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"ఎందుకు కడిగావు?"

"మురిగ్గా ఉన్నాయని."

"లలితా, అది మ్యూజియం. ఆ మురికి చూడ్డానికే జనం టికెట్ కొనుక్కుని వస్తారు."

తిట్టుకుంటూనే వచ్చాడు, పాపం. లేబుళ్లు టవల్ మీద పరిచి ఆరబెట్టాం. రెండు అంచుల్లో చిరిగాయి. అప్పుడు అసలు సమస్య తెలిసింది. ఏ లేబుల్ ఏ సీసాది?

"టెస్టర్‌వి కదా, కడిగే ముందు ఒక ఫోటో తీసుకోలేదా?" అన్నాడు.

వంటగదిలో గోధుమపిండి కనిపిస్తే ఉడికించి, మన ఊళ్లలో గోడల మీద పోస్టర్లు అంటించే లై కాచాను. ఇద్దరం జ్యోతిష్యుల్లా సీసాలు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, ఆకారం చూసి, మనసుకి తోచినట్టు అంటించేశాం. మార్గరెట్ వచ్చేసరికి అల్మారా తళతళలాడుతోంది. ఆవిడ అటే కాసేపు చూసింది. డెంటిస్ట్ ఇంజెక్షన్‌కి బుగ్గ మొద్దుబారి ఉంది కాబట్టి ఏమీ అనలేదనుకున్నాను.

మర్నాడు కోలిన్ వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, జేబులో భూతద్దం. మొదట పెద్ద నల్ల సీసా దగ్గర ఆగాడు. దాని మీద నేనంటించిన లేబుల్, పసివాళ్ల పళ్ల సిరప్.

"పసివాళ్లకి ఇంత పెద్ద సీసానా?" అన్నాడు.

అక్కడే నిజం చెప్పేసి ఉంటే సరిపోయేది. నా నోరు నా మాట వినలేదు. "ఆ రోజుల్లో ఇంటికి పది పన్నెండు మంది పిల్లలండీ. ఫ్యామిలీ ప్యాక్."

"మరి గాజు మీద ఈ గుర్రం బొమ్మ ఏమిటి?"

నిన్న ఇద్దరం నాలుగు కళ్లతో చూసినా మాకు కనపడని గుర్రం అది. "పిల్లలకి గుర్రాలంటే సరదా కదండీ," అన్నాను.

ఆయన తలూపి పక్క సీసాకి వెళ్లాడు. సన్నటి నీలం సీసా, ఒళ్లంతా గీతలు. లేబుల్ చేపల సాస్.

"ఇలా గీతలున్న నీలం సీసాల్లో విషం అమ్మేవారు. చీకట్లో చేత్తో తడిమినా తెలియడానికి," అన్నాడు.

"సాస్ చాలా ఘాటుగా ఉండేదండీ. జాగ్రత్త కోసం."

"మా ముత్తవ్వ వంట గురించి ఇప్పుడు అర్థమైంది," అన్నాడు ఆయన.

అలా అరగంట సాగింది. జుట్టు తైలం వెడల్పు మూతి సీసాలో ఎందుకుందంటే దువ్వెన ముంచుకోవడానికన్నాను. లివర్ మాత్రలు సన్న మెడ సీసాలో ఎందుకున్నాయంటే రోగి ఆత్రపడి ఎక్కువ మింగకుండా అన్నాను. నేను చెప్పేది నాకే నిజమనిపించడం మొదలైంది. మార్గరెట్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి అంతా వింటోంది. ఆవిడ ముఖంలో ఏముందో చూసే ధైర్యం నాకు లేదు.

చివరి సీసా అయ్యాక ఆవిడ ఒక లావుపాటి రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. ప్రతి పేజీలో ఒక సీసా ఫోటో, లేబుల్‌తో సహా.

"ఒక సీసా తిరగెయ్యి లలితా."

తిరగేశాను. అడుగున, వార్నిష్ కింద, చిన్న అంకె. రిజిస్టర్‌లోనూ అదే అంకె. పద్నాలుగింటికీ ఉన్నాయి. ఆ నాలుగు పేజీల సూచనల్లో రెండో పేజీలో ఈ సంగతే రాసుందట, మొదటి పేజీలో నీళ్లు తగలనివ్వొద్దని ఉందట.

సిగ్గుతో నాకు ఏడుపొచ్చేసింది. మొత్తం చెప్పేశాను, చింతపండుతో సహా. "క్షమించండి. మీరు నమ్మి అప్పగిస్తే నేనిలా చేశాను."

కోలిన్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "మొదటి సీసా దగ్గరే తెలిసింది నాకు. ఆ ఫోటోలు తీసింది నేనే. కాకపోతే నువ్వు చెప్తుంటే ఆపబుద్ధి కాలేదు. మా ముత్తాత ఈ మందులన్నీ పెరట్లో ఒకే పీపాలోంచి పట్టేవాడు. బెల్లం పాకం, సారా, కాస్త మిరియాల పొడి. ఏ సీసాకి ఏ లేబుల్ అన్నది ఆయనా పొద్దున్నే మనసుకి తోచినట్టే తేల్చేవాడు."

మార్గరెట్ మాత్రం నవ్వలేదు. "రెండు లేబుళ్లు చిరిగాయి. అది నాకు బాధగానే ఉంది," అంది. తర్వాత ఒక లేబుల్ మూల గీరి చూసింది. "దేంతో అంటించావు?"

"గోధుమపిండి లై అండీ."

"పాత కాగితాలు బాగుచేసేవాళ్లు వాడేది అదే. నువ్వు చేసిన వాటిలో అదొక్కటే సరైన పని." వెళ్తూ వెళ్తూ ఆగింది. "సోమవారం వాళ్లు ఫోన్ చేస్తే నేను నిజమే చెప్తాను లలితా."

ఆ ఆదివారం ఇంకో ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చోవడానికి మానసికంగా సిద్ధపడ్డాను. బుధవారం ఆల్బనీ నుంచి ఫోన్. ఉద్యోగం ఇస్తున్నారు.

"మార్గరెట్ మీకేమీ చెప్పలేదా?" అని అడగకూడని ప్రశ్న అడిగేశాను.

"అంతా చెప్పింది," అన్నాడు మేనేజర్. "సూచనలు చదవవనీ, కడగకూడనివి కడుగుతావనీ, తప్పు చేస్తే దాచవనీ, అంటే మర్నాటి దాకానే దాస్తావనీ. అందుకే నిన్ను టెస్టింగ్‌లోకి తీసుకోవడం లేదు. విషం సీసాని చేపల సాస్ అని కొట్టు యజమాని మునిమనవడికే నచ్చజెప్పిన మనిషివట. నిన్ను సేల్స్‌లో వేస్తున్నాం."

ఆ సేల్స్‌లోనే తొమ్మిదేళ్లుగా ఉన్నాను. కాబట్టి పాఠకుల సాక్షిగా ఒట్టేసి చెప్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ పాత సీసానీ తడపను, పులిహోరకి తప్ప చింతపండు పొట్లం విప్పను, సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం అక్షరం పొల్లు పోకుండా చదువుతాను. మా కంపెనీ బ్రోషర్లు తప్ప. అవి చదివితే అమ్మలేను.